ఎండా డీజిలూ కలిసి పనిచేస్తే



బంగారుపేట నుంచి వచ్చే రైలుకు చివరి స్టేషను మారికుప్పం. అక్కడి నుంచి చూస్తే గనుల ఇనుప గోపురాలు, సైనైడ్ దిబ్బలు కనబడతాయి. ఈ గడ్డకు కరెంటు కథలో పెద్ద పేరే ఉంది. కావేరి మీద శివనసముద్రంలో పుట్టిన విద్యుత్తు, సుమారు 147 కిలోమీటర్లు తీగల మీద నడిచి 1902లో కోలారు గనులకు చేరింది. బెంగళూరు వీధుల్లో కరెంటు దీపాలు వెలిగింది ఆ తర్వాత, 1905లో.

అయితే వేసవిలో కావేరి సన్నబడితే కరెంటూ సన్నబడేది. భూమి లోపల వేల అడుగుల లోతున మనుషులుంటే లిఫ్టు ఆగకూడదు, నీళ్లు తోడే పంపు ఆగకూడదు. 1911లో కృష్ణరాజసాగరం ఆనకట్ట పని మొదలవడానికి గనులకు ఏడాది పొడవునా కరెంటు ఇవ్వాలన్నది ఒక ముఖ్య కారణం. వానకాలపు నీటిని దాచి వేసవిలో వాడుకోవడమే అందులోని ఉపాయం. గనులు 2001లో మూతపడ్డాయి. ఆ ఉపాయం మాత్రం ఈరోజు మన పల్లెకు పనికొస్తుంది. ఎండను పగలు పట్టి దాచుకుని రాత్రి వాడుకోవాలి. దాచింది చాలనినాడు డీజిల్ జనరేటరు ఆదుకోవాలి. దీన్నే హైబ్రిడ్ మైక్రోగ్రిడ్ అంటారు. అంటే ఒక ఊరికో, ఒక ఆసుపత్రికో సరిపడే చిన్న సొంత కరెంటు ఏర్పాటు.

ఇందులో నాలుగు భాగాలుంటాయి. ఎండను కరెంటుగా మార్చే సోలార్ పలకలు, దాచే బ్యాటరీలు, ఆ కరెంటును మన ఫ్యాన్లకూ పంపులకూ తగినట్టు మార్చే ఇన్వర్టరు, చివరగా జనరేటరు. ఎప్పుడు ఏది పనిచేయాలో చూసుకునే కంట్రోలరు వీటికి మేస్త్రీ లాంటిది.

ఒక లెక్క వేద్దాం. కాగితం, పెన్సిలు ఉంటే తీసుకోండి. నలభై ఇళ్ల ఊరు అనుకోండి. దీపాలు, ఒక ఫ్యాను, టీవీ కలిపి ఇంటికి రోజుకు ఒక యూనిట్ చొప్పున 40 యూనిట్లు. ఐదు హార్స్‌పవర్ బోరు పంపు గంటకు నాలుగున్నర యూనిట్ల వంతున నాలుగు గంటలు నడిస్తే 18 యూనిట్లు. మొత్తం 58. మన వైపు ఒక కిలోవాట్ పలకలు రోజుకు సుమారు నాలుగు యూనిట్లు ఇస్తాయి. బ్యాటరీలోనూ తీగల్లోనూ పోయే నష్టాన్ని కలుపుకుంటే 20 కిలోవాట్ల పలకలు కావాలి.

బ్యాటరీ ఖరీదైన వస్తువు. అందుకే పంపును పగలే, ఎండ ఉండగానే నడిపించాలి. నీళ్ల ట్యాంకు కూడా ఒక బ్యాటరీయే. రాత్రి వాడకం 30 యూనిట్లు అనుకుంటే, లెడ్ యాసిడ్ బ్యాటరీలు 60 యూనిట్లవి పెట్టాలి. వాటిని సగానికి మించి ఖాళీ చేస్తూ పోతే తొందరగా చచ్చిపోతాయి.

ఇక ముసురు పట్టి రెండు రోజులు ఎండ రాలేదు. అప్పుడు చాలాచోట్ల చేసే పని, రాత్రంతా జనరేటరును నడపడం. పది దీపాల కోసం పెద్ద ఇంజను తిరుగుతుంటుంది. ఇది రెండు విధాలా నష్టం. జనరేటరు తన శక్తికి తగిన బరువు మోస్తేనే లీటరుకు మూడు యూనిట్ల వరకు ఇస్తుంది. బరువు తక్కువైతే డీజిల్ పూర్తిగా కాలదు, మసి పేరుకుంటుంది, ఇంజను పాడవుతుంది. 30 శాతం కన్నా తక్కువ బరువు మీద ఎక్కువసేపు నడపకూడదు. దీనికి విరుగుడు ఉంది. 15 కేవీఏ జనరేటరును పగలు నాలుగైదు గంటలే నడపండి. ముందు పంపును సాఫ్ట్ స్టార్టరుతో ఎక్కించి, ఆ తర్వాత బ్యాటరీ చార్జింగు కలపండి. పని కాగానే ఆపేయండి. రాత్రి ఇంజను మోత ఉండదు, దీపాలుంటాయి.

ఇప్పుడు ప్రాణానికి సంబంధించిన మాట. లైను కరెంటు పోగానే, లైనుకు కలిపిన మామూలు సోలార్ ఇన్వర్టరు కూడా ఆగిపోతుంది. ఎండ మండుతుంటే ఇదేం చోద్యం అని చాలామంది అడుగుతారు. స్తంభం మీద లైన్‌మన్ పనిచేస్తుంటే మన ఇంటి కరెంటు తీగలోకి వెనక్కి వెళ్లి అతన్ని చంపకూడదనే ఆ ఏర్పాటు. కోతల్లోనూ సోలార్ కావాలంటే, లైను నుంచి పూర్తిగా విడిపోయి నడిచే హైబ్రిడ్ ఇన్వర్టరు కావాలి. జనరేటరుకు చేంజోవర్ స్విచ్చి తప్పనిసరి. ప్లగ్గులోకి ఎదురు వైరు గుచ్చి ఇల్లంతా వెలిగించే పద్ధతి మీ ఊళ్లో ఉంటే ఈరోజే మాన్పించండి.

నిర్వహణ కష్టమేమీ కాదు. ఎండాకాలపు గాలికి దిబ్బల ధూళి పలకల మీద పడుతుంది, దిగుబడి తగ్గుతుంది. పలకలు చల్లగా ఉన్న తెల్లవారుజామున మెత్తటి గుడ్డతో కడగండి. ఉప్పు బోరు నీళ్లు తెల్ల మరకలు కడతాయి కనుక వాననీరు మేలు. బ్యాటరీలలో డిస్టిల్డ్ వాటరు మట్టం తరచు చూడండి.

అన్నిటికన్నా పెద్ద నిర్వహణ డబ్బుది. బీహారులోని ధర్నై గ్రామంలో 2014లో 100 కిలోవాట్ల సౌర మైక్రోగ్రిడ్ వచ్చింది, దేశమంతా చెప్పుకున్నారు. తర్వాత చౌక లైను కరెంటు వచ్చింది, జనం అటు మళ్లారు, కొన్నేళ్లకు బ్యాటరీలు పాడై కేంద్రం మూలనపడింది. మన ఊరికి లైను ఇప్పటికే ఉంది. కాబట్టి దాన్ని కాదనకుండా, అది పోయినప్పుడు ఆదుకునేలా మైక్రోగ్రిడ్డును పెట్టుకోవాలి. ఇంటింటా నెలనెలా కొంత తీసి బ్యాటరీ నిధిగా దాచాలి. ఐదారేళ్లకు కొత్త బ్యాటరీలు కొనాల్సిన రోజు తప్పకుండా వస్తుంది. ఆనాడు నిధి ఉన్న ఊళ్లో దీపం ఉంటుంది.

ముందుగా మీ ఊరి వాడకం ఎంతో లెక్క రాయండి. ఏ పని పగలు చేసుకోవచ్చో, ఏది రాత్రికే కావాలో రెండు వరుసలుగా వేయండి. ఆ కాగితం చేతిలో ఉన్నాక కొట్టుకు వెళ్లండి. లెక్క తెలిసినవాడికి అనవసరమైన సరుకు అంటగట్టడం కష్టం.