పత్తి మీద మంచు ఎక్కణ్ణుంచి వచ్చింది?

రండర్రా, ఆ చాప గోడ వారగా లాక్కుని కూర్చోండి. ఇవాళ చలి కబుర్లు చెబుతా. చలి అంటే కాశ్మీరులోనో సిమ్లాలోనో ఉండేది, మన గుంటూరు, ప్రకాశం జిల్లాల వాళ్ళకి దాంతో పనేమిటి అనుకోకండి. ఇక్కడ రాత్రి 15, 16 డిగ్రీలకి దిగితే చాలు, తెల్లవారుజామున పాలకేంద్రానికి క్యాను పట్టుకుపోయే మనిషి మంకీ క్యాపు లేకుండా గడప దాటడు. ఢిల్లీవాళ్ళు వింటే ఇదీ ఒక చలేనా అంటారు. అననివ్వండి. మే నెలలో 43 డిగ్రీల ఎండలో చేలో నిలబడ్డ ఒళ్ళు మనది, దానికి 15 అంటే నిజంగానే చలి. వాతావరణ శాఖ వాళ్ళకీ ఈ సంగతి తెలుసు. మైదానాల్లో రాత్రి ఉష్ణోగ్రత 10కో అంతకంటే కిందికో దిగి, మామూలు కంటే కనీసం 4.5 డిగ్రీలు తగ్గితే శీతగాలులు అంటారు. సముద్రం పక్క ఊళ్ళు 10 దాకా దిగడం అరుదు కాబట్టి అక్కడ 15నే హద్దుగా పెట్టుకున్నారు.

ఈ రోజుల్లో మన ఊరి పనులన్నిటికీ టైము పెట్టేది గడియారం కాదు, మంచు. పత్తి తీతకి కూలీల ఆటో పెందలాడే వచ్చి లాభం లేదు. పొద్దెక్కి, మంచు ఆరి, దూది పొడిపొడిగా అయితే గానీ చెయ్యి పెట్టకూడదు. ఎందుకంటే తడి పత్తిని బోరెంలో కుక్కితే అది ఆ తడిని వదలదు. దూదంటే చాలావరకు సెల్యులోజే, నీళ్ళంటే దానికి మహా ఇష్టం. కాటన్ కార్పొరేషన్ కొనుగోలు కేంద్రానికి వెళ్ళారనుకోండి, ముందు తేమ మీటరు గుచ్చుతారు. 8 శాతం దాకా ఉంటే మద్దతు ధర పూర్తిగా ఇస్తారు. ఆపైన శాతం శాతానికీ కోత పెడతారు. 12 దాటితే తీసుకోరు, బండి వెనక్కి తిప్పుకోవాల్సిందే. ఏడాది కష్టం ఆ నాలుగు శాతాల మధ్య ఊగుతూ ఉంటుంది.

మిరప సంగతీ అంతే. సన్నమైనా తేజ అయినా, కోసి కల్లంలో ఆరబోసిన కాయ మీద రాత్రి మంచు కూర్చుంటే రంగు చెడుతుంది, తొడిమ దగ్గర బూజు మొదలవుతుంది. పండుకాయ కింద అమ్మాల్సింది తాలు కింద అమ్ముకోవాల్సి వస్తుంది. అందుకే పొద్దుగూకే వేళకి కాయని కుప్పలుగా చేసి పట్టాలు కప్పుతారు, పొద్దున మంచు విడిచాక మళ్ళీ నెరుపుతారు. ఆడవాళ్ళకి నడుములు పడిపోయే పని అది.

మరి ఈ మంచు ఎక్కణ్ణుంచి వచ్చింది? ఆకాశంలోంచి రాలిందంటారా? లేదర్రా. అది మన చుట్టూ ఉన్న గాల్లోదే. గాల్లో ఎప్పుడూ కంటికి కనపడని నీటి ఆవిరి ఉంటుంది. 30 డిగ్రీల వేడిగాలి ఘనపు మీటరుకి 30 గ్రాముల దాకా ఆవిరిని మోయగలదు. అదే గాలి 15 డిగ్రీలకి చల్లబడితే 13 గ్రాములకి మించి మోయలేదు. మిగిలింది ఎక్కడో ఒకచోట దించెయ్యాలి. అన్నిటికంటే చల్లగా ఏది దొరికితే దాని మీద దించేస్తుంది, ఆకు మీదా, దూది మీదా, కాయ మీదా. గాలి కంటే ఆకు ముందు చల్లబడుతుంది. ఇదే అసలు కీలకం, ఎందుకో చెబుతా.

ఈ ముడి విప్పిన ఆయన పేరు విలియం చార్లెస్ వెల్స్. లండన్‌లో వైద్యుడు. రోగుల్ని చూసుకోవడం అయ్యాక, రాత్రిళ్ళు తోటలో కూర్చుని మంచుని తూకం వేసేవాడు. ఎట్టాగంటారా? ఉన్నిని చిన్న చిన్న ఉండలుగా చేసి, అన్నీ ఒకే బరువు ఉండేట్టు తూచి, రాత్రంతా బయట పెట్టి, పొద్దున మళ్ళీ తూచేవాడు. పెరిగిన బరువంతా మంచు. ఒకసారి నాలుగు కాళ్ళ మీద ఒక చెక్క నిలబెట్టి, చెక్క పైన ఒక ఉండ, చెక్క కింద ఒక ఉండ కట్టాడు. పొద్దున చూస్తే పై ఉండ 14 గ్రెయిన్ల బరువు పెరిగింది, కింది ఉండ 4 గ్రెయిన్లే. గ్రెయిను అప్పటి సన్నకారు తూనిక లెండి. ఒకే తోట, ఒకే గాలి, ఒకే రాత్రి. తేడా ఒక్కటే: పై ఉండకి ఆకాశం కనపడుతోంది, కింది దానికి చెక్క అడ్డమొచ్చింది. 1814లో ఆయన మంచు మీద ఒక పుస్తకం వేశాడు. ఖరీదైన యంత్రాలు ఏవీ లేకుండా, ఉన్నీ తక్కెడా థర్మామీటరూ పెట్టుకుని ఇంత పెద్ద సంగతి తేల్చాడంటే, నాకు ఎన్నిసార్లు తలుచుకున్నా ముచ్చటేస్తుంది.

ఆకాశం కనపడితే ఏమవుతుంది? దీన్ని మిర్చి యార్డులో కమీషన్ కొట్టు ఖాతా పుస్తకంలా చూడండి. నేలా, ఆకూ, దూదీ, మీరూ నేనూ, అన్నీ రాత్రీ పగలూ వేడిని కంటికి కనపడని కిరణాలుగా బయటికి పంపుతూనే ఉంటాం. అది ఖర్చు. పగలు సూర్యుడు బోలెడంత జమ వేస్తాడు. రాత్రి సూర్యుడి జమ ఆగిపోతుంది, ఖర్చు మాత్రం ఆగదు. ఆకాశంలో మబ్బు ఉందనుకోండి, మనం పంపిన వేడిని అది పట్టుకుని చాలావరకు తిరిగి మనవైపే పంపుతుంది. మబ్బు లేదూ, చుక్కలు గవ్వల్లా మెరుస్తున్నాయీ అంటే, తిరిగొచ్చేది కొంచెమే. ఇచ్చింది ఇచ్చినట్టు పోతుంది. అందులోనూ దూదిపింజ నేలకి అంటకుండా గాల్లో ఉంటుంది. నేలలో దాచుకున్న వేడి దానికి అందదు. అందుకే అది అందరికంటే ముందు చల్లబడి, అందరికంటే ఎక్కువ మంచు పట్టుకుంటుంది. వేపచెట్టు కింద ఉన్న కాయ ఎందుకు తడవదో ఇప్పుడు మీకే తెలిసిపోయింది కదా.

ఈ ఖర్చు ఎంతదాకా పోతుందంటే, అలహాబాదులో వెనకటికి దీంతోనే ఐసు గడ్డలు చేసేవాళ్ళు. కరెంటూ లేదు, యంత్రమూ లేదు. లోతు తక్కువ గుంట తవ్వి, అడుగున చెరుకు చొప్పో మొక్కజొన్న చొప్పో మందంగా పరిచి, దాని మీద పల్చటి మట్టి మూకుళ్ళలో నీళ్ళు పోసి పెట్టేవాళ్ళు. గాలిలేని తేట రాత్రి అయితే, గాలి గడ్డకట్టే చలికి రాకపోయినా, మూకుట్లో నీళ్ళు మాత్రం పొద్దుటికి పేరుకునేవి. రాబర్ట్ బార్కర్ అనే ఆయన ఇది చూసి 1775లో లండన్ రాయల్ సొసైటీకి రాసి పంపాడు. చొప్ప కింది నుంచి వేడి రానివ్వదు, ఆకాశం పైనుంచి లాగేస్తుంది. ఆ పనివాళ్ళు ఏ బడికీ వెళ్ళకుండానే, వెల్స్ తర్వాత చెప్పిన సంగతిని ముందే ఆచరణలో పెట్టారు.

మబ్బు ఉంటే ఇక చలే ఉండదా అని అడగొచ్చు. ఉంటుంది, అది వేరే చలి. 2018 డిసెంబరు 17న పెథాయ్ తుపాను తూర్పు గోదావరి తీరంలో ఒడ్డెక్కింది. ఆ రోజుల్లో పగలు పొద్దు మొహం కనపడలేదు, జమ పడనే లేదు. మన పత్తి చేలల్లోనూ కల్లాల్లోనూ అందరూ పగటిపూట వణికారు. వానకి తడిసి, ఆ గాలికి నిలబడలేక కోస్తాలో గొర్రెల మందలు చనిపోయాయి. గొర్రెకి ఒంటినిండా ఉన్ని ఉంది కదా అంటే, వెచ్చగా ఉంచేది ఉన్ని కాదర్రా, ఉన్ని మధ్యలో చిక్కుకున్న గాలి. తడిస్తే ఆ గాలి పోయి నీళ్ళు చేరతాయి. మన బొంత పని కూడా అంతే, దూదిని ఏకించి ఉబ్బిస్తే గాలి నిండి వెచ్చదనం పెరుగుతుంది, అణిగిపోయిన పాత బొంత ఎంత బరువున్నా చలి ఆపదు.

ఒకే రాత్రి బాపట్లలో ఒక లెక్క, మార్కాపురంలో ఇంకో లెక్క. బాపట్ల పక్కన సముద్రం ఉంది. అది జనవరిలో కూడా 26 డిగ్రీల దగ్గర వెచ్చగా ఉంటుంది, పక్క ఊళ్ళని మరీ చల్లబడనివ్వదు. మార్కాపురానికి ఆ ఆసరా లేదు. పల్నాటి పల్లెలకీ లేదు.

రోజులో ఎక్కువ చలి అర్ధరాత్రి అనుకుంటారు చాలామంది. కాదు. రాత్రంతా ఖర్చు నడుస్తూనే ఉంటుంది కాబట్టి, ఖాతాలో అన్నిటికంటే తక్కువ మిగిలేది పొద్దుపొడిచే వేళకి. సరిగ్గా మనం పాలకీ, పేపరుకీ, యార్డుకీ బయల్దేరే టైమది. ఏడాది లెక్కా అట్టాగే. డిసెంబరు 22 ప్రాంతంలో మన దగ్గర పగలు 11 గంటలే, జూన్‌లో 13 గంటల పైన. పుష్యమాసంలో పూసలు గుచ్చే పొద్దు కూడా ఉండదని మీ జేజమ్మ అనేది అందుకే. అయినా ఆ రోజుతో చలి పోదు, భోగి మంటల దాకా, ఆ తర్వాతా ఉంటుంది, ఎందుకంటే పగలు పెరగడం మొదలైనా జమ ఖర్చుని మించడానికి ఇంకా కొన్నాళ్ళు పడుతుంది. శివరాత్రికి గానీ శివశివా అంటూ పోదు. ఇంకో వింత వినండి. భూమి సూర్యుడికి అన్నిటికంటే దగ్గరగా ఉండేది జనవరి మొదటివారంలోనే, 14.7 కోట్ల కిలోమీటర్లు. జులైలో 15.2 కోట్లు. దగ్గరికి వెళ్ళీ చలిగా ఉందంటే, దూరం కాదు ముఖ్యం, ఎండ ఎంత ఏటవాలుగా పడుతుందో, ఎంతసేపు పడుతుందో అదీ ముఖ్యం.

ధనుర్మాసంలో పక్క ఊరి గుళ్ళో తిరుప్పావై మైకు మన వాకిట్లో పెట్టినట్టు వినపడుతుంది, గమనించారా? మధ్యాహ్నం అదే మైకు వినపడదు. తెల్లారుజామున నేలకి అంటుకున్న గాలి చల్లగా, పైన ఉన్న గాలి వెచ్చగా ఉంటుంది. మామూలుకి తిరగబడిన వరస అన్నమాట. పైకి పోయే శబ్దాన్ని ఆ వెచ్చటి పొర మళ్ళీ కిందికి వంచేస్తుంది. పొయ్యి పొగ కూడా పైకి పోలేక ఊరి మీద పలకలా పరుచుకుంటుంది. ఆ పొగా, గాల్లోనే కట్టిన మంచూ కలిసి జాతీయ రహదారిని కప్పేస్తాయి. టిక్కీలు వేసుకుని యార్డుకి పోయే ట్రాక్టరు ట్రక్కు వెనక ఎర్ర స్టిక్కరు అంటించమని మీ బాబాయిలకి చెప్పండి, ముందున్న బండి కనపడక జరిగే ఘోరాలు చూడలేం.

బావి నీళ్ళు చలికాలంలో వెచ్చగా, ఎండాకాలంలో చల్లగా ఉంటాయి కదా. నీళ్ళేం మారవు. కొన్ని గజాల లోతు దాటితే భూమికి రుతువులు తెలియవు, ఏడాది పొడుగునా 28 డిగ్రీల చుట్టుపక్కలే ఉంటుంది. పైన ఉన్న మనమే మారుతున్నాం. వంటింట్లో మాత్రం చలి నిజంగానే మార్పు తెస్తుంది. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గర పేరుకుంటుంది, వేరుశనగ నూనె మన చలికి చలించదు. పాలు తోడుకోకపోతే తోడుని తిట్టకండి. అందులో ఉన్న బ్యాక్టీరియాకి వెచ్చదనం చాలడం లేదు. గోరువెచ్చటి పాలలో కాస్త తోడు ఎక్కువ వేసి, గిన్నెని బియ్యం డబ్బాలో పెట్టండి, పొద్దుటికి గడ్డపెరుగు.

మన మిరపకాయకీ చలికీ ఒక చుట్టరికం ఉంది. మన నరాల్లో 43 డిగ్రీల వేడి తగిలితే తెరుచుకునే ఒక చిన్న ద్వారం ఉంది. మిరపలోని క్యాప్సైసిన్ వేడి లేకుండానే దాన్ని తెరిచేస్తుంది. అందుకే కారం తింటే నోరు మండుతుంది, నిజానికి అక్కడ మంట లేదు. చలికి స్పందించే ద్వారం ఇంకోటి ఉంది, దాన్ని పుదీనాలోని మెంథాల్ తెరుస్తుంది. అమృతాంజనం రాస్తే చల్లగా ఉండేది దానివల్లే. కారం ద్వారాన్ని 1997లో కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. గుంటూరు కాయ కొరికి చలి పోయిందనుకున్న ప్రతివాడూ ఆ ద్వారాన్ని తట్టినవాడే.

కుంపటి గదిలో పెట్టి తలుపులు మూసుకుని మాత్రం పడుకోవద్దు. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

ఇక మీకో పని. ఇవాళ రాత్రి సమానంగా తూచిన రెండు దూది ఉండలు తీసుకోండి. వాకిట్లో నులకమంచం వేసి, ఒకటి మంచం పైన, ఒకటి మంచం కింద పెట్టండి. పొద్దున్నే, ఎండ తగలకముందే, బంగారం కొట్టువాళ్ళ తక్కెడలో రెండూ తూచి నాకు చెప్పండి. సాయంత్రం ఆకాశం మబ్బు లేకుండా తేటగా కనపడితే, కల్లం మీద పట్టా కప్పకుండా ఇంటికి రావద్దని మీ నాన్నలకి గుర్తు చెయ్యండి.