గీసిన చిత్రంలో కనబడని కాలం: ప్యూర్ డేటా కథ

ధ్వనిని పుట్టించే ప్రోగ్రామును అక్షరాల వరుసలుగా రాయకుండా, తెరమీద చిన్న చిన్న పెట్టెలు గీసి, వాటిని గీతలతో కలిపి నడిపించే సాఫ్ట్‌వేర్లలో ప్యూర్ డేటా ముఖ్యమైనది. అందులో ఒక్కొక్క పెట్టె ఒక్కొక్క పని చేస్తుంది, గీత ఒక పెట్టె ఫలితాన్ని మరొకదానికి చేరవేస్తుంది, ఇలా తయారైన మొత్తం చిత్రాన్ని ప్యాచ్ అంటారు. ఉదాహరణకు విశాఖపట్నం రేవుకు వచ్చే ఓడల్లో 200 మీటర్లు, అంతకు మించిన పొడవున్నవాటి కూత 70 నుంచి 200 హెర్ట్జ్‌ల మూల పౌనఃపున్యంలో ఉండాలని అంతర్జాతీయ నౌకాయాన నిబంధనలు చెబుతున్నాయి. ఆ కూతకు దగ్గరి ధ్వనిని పుట్టించడానికి 100 హెర్ట్జ్‌ల రంపపుపంటి తరంగాన్నిచ్చే ఫేజర్~ పెట్టె, పై పౌనఃపున్యాలను తగ్గించే వడపోత, హెచ్చుతగ్గులకు ఒక గుణకారపు పెట్టె, చివర స్పీకరుకు పంపే డ్యాక్~ పెట్టె చాలు. పేరు చివర ఉన్న ~ గుర్తు ఆ పెట్టె విడి సంఖ్యలతో కాక ఎడతెగని ధ్వని ప్రవాహంతో పనిచేస్తుందని తెలుపుతుంది.

కంప్యూటరు చేత సంగీతం పలికించే ప్రయత్నం 1957లో బెల్ ప్రయోగశాలలో మాక్స్ మాథ్యూస్ రాసిన మ్యూజిక్ అనే ప్రోగ్రాముతో రూపుదిద్దుకుంది. అప్పటి యంత్రాలు నెమ్మదివి కనుక ముందు లెక్కకట్టి, తరువాత వినవలసి వచ్చేది. వాద్యకారుడు వాయిస్తూ ఉండగానే యంత్రం బదులు పలకాలన్న కోరిక పారిస్‌లోని ఇర్కామ్ పరిశోధన సంస్థలో బలపడింది. అక్కడ మిల్లర్ పకెట్ అనే అమెరికన్ గణితవేత్త 1980ల చివర, 4ఎక్స్ అనే ధ్వని యంత్రాన్ని అదుపు చేయడానికి పెట్టెలు, గీతల పద్ధతిని రూపొందించి, మాథ్యూస్ మీది గౌరవంతో దానికి మాక్స్ అని పేరు పెట్టాడు. మాక్స్ వాణిజ్య సరుకుగా మారింది. పకెట్ శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి వెళ్లాక, అదే ఆలోచనను మొదటినుంచి మళ్లీ రాసి, 1996లో ప్యూర్ డేటాగా మూలసంకేతంతో సహా అందరికీ ఉచితంగా ఇచ్చాడు. మరుసటి ఏడాది మాక్స్‌కు ధ్వని సామర్థ్యాన్ని చేర్చిన ఎంఎస్పీ భాగం ప్యూర్ డేటా సంకేతం ఆధారంగానే వచ్చిందంటే, ఉచితంగా ఇచ్చినది తిరిగి వాణిజ్య ఉత్పత్తికే ఊపిరి పోసిందన్నమాట.

చిత్రమే ప్రోగ్రామైన చోట తప్పు కంటికి కనబడాలి, చాలావరకు కనబడుతుంది కూడా. కానీ పెట్టెలకూ గీతలకూ చిత్రంలో చోటున్నట్టు కాలానికి చోటు లేదు. ఏది ముందు జరుగుతుంది, ఏది ఎంత ఆలస్యంగా జరుగుతుంది అన్నది గీతలు చెప్పవు. ఈ పరికరంలో మనిషిని గంటల తరబడి వేధించే దోషాలు ఎక్కువగా అక్కడినుంచే పుడతాయి.

వాటిలో అతి సాధారణమైనది సందేశాల క్రమానికి సంబంధించినది. కూడిక పెట్టెకు రెండు ద్వారాలుంటే, కుడివైపు ద్వారం తనకు వచ్చిన సంఖ్యను దాచుకొని ఊరుకుంటుంది, ఎడమవైపు ద్వారానికి సంఖ్య వచ్చినప్పుడే లెక్క జరుగుతుంది. ఒకే సంఖ్యను రెండు ద్వారాలకూ గీతలు గీసి పంపితే, ఏది ముందు చేరుతుందన్నది ఆ గీతలను ఏ వరుసలో గీశారన్నదాని మీద ఆధారపడుతుంది, ఆ వరుస తెరమీద కనబడదు. అందువల్ల చూపుకు ఒకేలా ఉన్న రెండు ప్యాచ్‌లు వేర్వేరు జవాబులిస్తాయి. ట్రిగ్గర్ అనే పెట్టెను మధ్యలో ఉంచితే అది కుడినుంచి ఎడమకు వరుసగా సందేశాలు పంపి ఆ అస్పష్టతను తొలగిస్తుంది. ప్యాచ్‌లు గీయడం నేర్చుకునేవారికి ధ్వని పెట్టెలకన్నా ముందు దీనినే పరిచయం చేయడం మేలు.

ధ్వని విషయంలో కాలం మరింత సూక్ష్మంగా దాగి ఉంటుంది. సెకనుకు 44,100 నమూనాలతో పనిచేసేటప్పుడు ప్యూర్ డేటా ఒక్కొక్క నమూనాను విడిగా కాక, 64 నమూనాలను ఒక బ్లాకుగా తీసుకొని, పెట్టెలన్నిటి గుండా ఒక్కసారిగా నడుపుతుంది. ఒక పెట్టె ధ్వనిని తిరిగి దాని మొదటికే గీతతో కలిపితే ఏది ముందు లెక్కకట్టాలో తేలక, లూపు ఉందని ప్యూర్ డేటా ఫిర్యాదు చేస్తుంది. ధ్వనిని కొంతసేపు దాచి తిరిగి ఇచ్చే డెల్‌రైట్~, డెల్‌రీడ్~ జంటతో ఆ వలయాన్ని పూర్తి చేయవచ్చు, కాని అప్పుడు ఆలస్యం ఒక బ్లాకుకన్నా, అంటే సుమారు 1.45 మిల్లీసెకన్లకన్నా తగ్గదు. తీగవాద్యాన్ని అనుకరించేవారికి ఇది పెద్ద అడ్డంకి. 1983లో కార్‌ప్లస్, స్ట్రాంగ్ ప్రకటించిన పద్ధతిలో, చిన్న రొదను ఆలస్యపు వలయంలో తిప్పుతూ ప్రతి చుట్టుకూ కాస్త మెత్తబరిస్తే మీటిన తీగ ధ్వని వస్తుంది, వలయం పొడవే స్వరస్థానాన్ని నిర్ణయిస్తుంది. బ్లాకు పరిమితి వల్ల ఆ వలయం 689 హెర్ట్జ్‌లను దాటి పలకలేదు.

తంబురను పలికించబూనితే ఇదే పరిమితి మరో రూపంలో ఎదురవుతుంది. ఈ వాద్య విజ్ఞానానికి విశాఖతో బంధుత్వం ఉంది. సి.వి. రామన్ తండ్రి ఇక్కడి ఏ.వి.ఎన్. కళాశాలలో అధ్యాపకుడు కాగా, బాల్యం ఈ ఊరిలోనే గడిపిన రామన్ 11వ ఏట మెట్రిక్యులేషన్ ముగించాడు. తరువాత కలకత్తాలో పరిశోధిస్తూ 1921లో వీణ, తంబురల మీద వ్యాసం ప్రచురించి, మామూలు నియమం ప్రకారం వినబడకూడని అనుస్వరాలు కూడా వాటిలో గట్టిగా వినబడతాయని, దానికి కారణం తీగ ఆనుకునే ‘గుర్రం’ అనే భాగపు ఉపరితలం వంపుగా ఉండటమేనని చూపాడు. తంబురలో గుర్రానికీ తీగకూ మధ్య ఉంచిన నూలుపోగును జరిపి వాద్యకారులు రాబట్టే జీవాళి అనే ఝంకారానికి ఆధారం ఈ వంపే. తీగ ఊగుతూ వంపును తాకినప్పుడల్లా దాని పొడవు కొద్దిగా మారుతుంది.

దీనిని ప్యాచ్‌లో గీయాలంటే తీగ స్థానాన్ని బట్టి వలయపు ఆలస్యం ప్రతి నమూనాకూ మారాలి. ఒకటిన్నర శ్రుతిలో, అంటే దాదాపు 138.6 హెర్ట్జ్‌లలో, ఒక కంపనానికి 7.2 మిల్లీసెకన్లు పడుతుంది. తీగ గుర్రాన్ని తాకిందన్న వార్త 1.45 మిల్లీసెకన్లు ఆలస్యమైతే, కంపనంలో అయిదో వంతు గడిచిపోయాక స్పందన మొదలవుతుంది, వలయం జీవాళికి బదులు గరగర ఇస్తుంది. వినేవారు సూత్రాన్ని అనుమానిస్తారు, తప్పేమో బ్లాకులో ఉంటుంది. వలయాన్ని ఉపప్యాచ్‌లో ఉంచి, బ్లాక్~ పెట్టెలో 1 అని రాస్తే ఆ భాగం మాత్రం నమూనా వెంట నమూనాగా నడుస్తుంది. శ్రుతి శుద్ధి మరొక చిక్కు. 440 హెర్ట్జ్‌లకు 100.23 నమూనాల ఆలస్యం కావాలి, డెల్‌రీడ్~ మాత్రం ఆలస్యాన్ని దగ్గరి పూర్ణసంఖ్య నమూనాలకు సర్దుతుంది కనుక 441 పలుకుతుంది. సరిగ్గా శ్రుతి చేసిన తీగ పక్కన అది సెకనుకొక విస్పందనమై బయటపడుతుంది. మధ్య విలువలను అంచనా కట్టే డెల్‌రీడ్4~ దీనికి మందు.

తంబుర నాలుగు తీగలనూ ఇలా నమూనాకొకసారి నడిపితే చిన్న కంప్యూటరు అలసిపోయి ధ్వని తెగిపోతుంది. అక్కడే విస్తరణ అవసరమవుతుంది. సీ భాషలో కొత్త పెట్టెను రాసి, దానిని ఎక్స్‌టర్నల్‌గా చేర్చుకొనే వీలు పకెట్ మొదటినుంచీ ఉంచాడు. పెట్టెను నమోదు చేసే సెటప్ ప్రమేయం, ద్వారాల ప్రకటన, బ్లాకుకొకసారి పిలవబడే ధ్వని ప్రమేయం ఉంటే సరిపోతుంది. ఈ చివరి ప్రమేయంలో మెమరీ కేటాయించడం, తెరమీద అక్షరాలు ముద్రించడం చేయకూడదు, చేస్తే ధ్వనిలో టప్పుమన్న చప్పుళ్లు వస్తాయి. తీగ ధ్వని సన్నగిల్లి సున్నకు అతి చేరువైన విలువలు వలయంలో తిరుగుతున్నప్పుడు కొన్ని ప్రాసెసర్ల మీద భారం హఠాత్తుగా పెరుగుతుంది. నిశ్శబ్దంలో యంత్రం శ్రమించడమనే ఈ వింతకు, అంత చిన్న విలువలను సున్నగా మార్చడం పరిష్కారం.

అలా తయారైన తంబుర పెట్టెకు శ్రుతి, మీటు, నూలుపోగు స్థానం అనే మూడు ద్వారాలు చాలు. దానితో పాటు అదే పేరుకు హెల్ప్ అని చేర్చిన ప్యాచ్‌ను కూడా పంపడం ఆచారం. పెట్టెమీద కుడి నొక్కు నొక్కి, వచ్చే పట్టికలో హెల్ప్‌ను ఎంచుకుంటే తెరుచుకునే ఆ ప్యాచ్ వివరణే కాక నడిచే ఉదాహరణ కూడా కనుక, సీ భాష తెలియని తంబుర కళాకారుడు సైతం దానిలో సంఖ్యలు మార్చి, జీవాళి ఎక్కడ నిలిచిందో, ఎక్కడ తప్పిందో చెవితో తేల్చి చెప్పగలుగుతాడు.