కాలు చేసిన చేతులు

'మయూరి' సినిమా చూడని కుటుంబం మన సంఘంలో ఉండదనుకుంటాము. 1981లో బస్సు ప్రమాదం పాలై కాలు పోగొట్టుకున్న సుధా చంద్రన్, జైపూరు కాలు తొడుక్కుని మళ్లీ గజ్జె కట్టిన కథ అది. ఆమే అందులో నాయిక. నాట్యం అందరికీ గుర్తుంది. ఆ కాలు ఎవరు చేశారని అడిగితే మాత్రం "జైపూరులో ఎవరో డాక్టరుగారట" అంటారు. ఆ జవాబు సగమే నిజం. మిగతా సగం చెప్పుకోవాలంటే జైపూరులో మొదలుపెట్టి, థాయిలాండులో ఒక ఏనుగు దగ్గర ఆగి, మన పహాంగ్ అడవుల దాకా రావలసి ఉంటుంది.

రామచంద్ర శర్మగారు శిల్పాలు చెక్కే వంశపు పనివారు. పెద్ద చదువులు లేవు. జైపూరు సవాయ్ మాన్‌సింగ్ ఆసుపత్రిలో కుష్ఠురోగులకు చేతిపనులు నేర్పేవారు. ఆ రోజుల్లో అక్కడ కాలు తీసేసిన వారికి పాశ్చాత్య నమూనా కాళ్లు ఇచ్చేవారు. రోగులు వాటిని ఇంటికి తీసుకెళ్లి మూల పడేసేవారు. పారెయ్యక ఏం చేస్తారు? ఆ పాదానికి బూటు ఉండి తీరాలి. గొంతుకు కూర్చోవడానికి లేదు, బాసింపట్టు వేయడానికి లేదు, పొలం బురదలో దిగడానికి లేదు. ఎముకల డాక్టరు పి.కె. సేథీగారికి రోగికి ఏ కీలు ఎంత వంగాలో తెలుసు. దాన్ని వస్తువుగా చేసే చేయి శర్మగారిది. సైకిలు టైరు పంచరై దుకాణం దగ్గర నిలబడ్డప్పుడు, అక్కడ పాత టైరుకు కొత్త రబ్బరు ఉడికించి అతికించడం చూసి శర్మగారికి పాదం తట్టిందని చెప్పుకుంటారు. 1968లో ఆ పాదం నడక మొదలుపెట్టింది. లోపల స్పాంజి రబ్బరు, చీలమండ దగ్గర చెక్క దిమ్మ, పైన చర్మం రంగు రబ్బరు. అంతా అచ్చులో పెట్టి ఉడికిస్తారు. పైన పిక్క భాగానికి మొదట్లో అల్యూమినియం రేకును సుత్తితో కొట్టి గుండ్రం చేసేవారు. బిందెలు చేసేవాడి పని చూసినవారికి ఇది కొత్త కాదు.

(రబ్బరు మాట వచ్చింది గనుక ఒక్క ముక్క. మనకంటే ముందు ఈ దేశానికి వచ్చిన తెలుగువారిని తీసుకొచ్చింది రబ్బరు, కొబ్బరి తోటలే. బాగాన్ దాతో వైపు వెళ్లినవారికి చెప్పనక్కరలేదు.)

1981లో రామన్ మెగసెసే బహుమతి సేథీగారికి వచ్చింది. అది సబబే. అయితే ఆ బహుమతి ఒక్క పేరు మీదే వచ్చింది. వైద్యవృత్తిలో ఉన్న మేము ఈ మాట అనడం మా వాళ్లకు రుచించకపోవచ్చు గాని, చీటీ రాసినవాడి పేరు నిలిచినట్టు కట్టు కట్టినవాడి పేరు నిలవదు.

ఇక థాయిలాండు. చియాంగ్ మాయ్‌లోని డాక్టర్ థెర్డ్‌చాయ్ జీవకేట్ తానే వైద్యుడు, తానే పనివాడు. పేదలకు ఉచితంగా కాళ్లు చేసి ఇచ్చే సంస్థ ఆ దేశపు రాజమాత ఆదరణతో 1992లో ఏర్పడింది. పెరుగు సీసాల ప్లాస్టిక్కును కూడా ఆయన కాళ్లుగా మార్చారు. 2008లో ఆయనకూ అదే మెగసెసే బహుమతి వచ్చింది. ఆ డాక్టరుగారికి ఎదురైన వింత రోగులు ఇద్దరు ఏనుగులు.

లాంపాంగ్‌లో సొరైదా సల్వాలా అనే ఆవిడ 1993లో ఏనుగుల ఆసుపత్రి పెట్టారు. బర్మా సరిహద్దు అడవుల్లో మందుపాతర తొక్కిన మొతాలా అనే ఏనుగు 1999లో అక్కడికి వచ్చింది. 2006లో మోషా వచ్చింది. అప్పటికి అది ఏడు నెలల పిల్ల. ఏనుగుకు ముందుకాళ్ల మీద సగం కంటే ఎక్కువ బరువు పడుతుంది. ఒకటి పోతే రెండోది అరుగుతుంది, వెన్ను వంగుతుంది, నడవలేని ఏనుగు ఎక్కువకాలం బతకదు. మొతాలాకు మొదట రంపపు పొట్టు నింపిన కాన్వాసు గుడ్డ జోడు తొడిగి మొండిని బరువుకు అలవాటు చేశారు. అసలు కాలు 2009లో అమర్చారు. మోషా సంగతి వేరు. పిల్ల గనుక పెరుగుతూ పోయింది. సుమారు 600 కిలోలున్నది 2016 నాటికి 2,000 దాటింది, అప్పటికి తొమ్మిది కాళ్లు మారాయి. ప్రతిసారీ మొండికి ప్లాస్టర్ అచ్చు తీయడం, తొడుగు పొయ్యడం, అరగదీయడం, తొడిగి నడిపించి చూడడం. ఎక్కడ ఒరుసుకుంటోందో రోగి నోటితో చెప్పదు. తొడుగు తీశాక చర్మం ఎక్కడ ఎర్రబడిందో చేత్తో తడిమి చూసుకోవలసిందే.

మన మలేషియా అడవుల్లో మందుపాతరలు లేవు. ఉచ్చులున్నాయి. అడవిపందికో జింకకో వేసిన తీగ, అడుగు వేసిన దేనినైనా పట్టుకుంటుంది. లాగేకొద్దీ బిగుస్తుంది. ఏనుగు పిల్ల తెంపుకుని పోయినా తీగ కాలికే ఉండిపోతుంది, కాలు లావవుతుంటే తీగ లోపలికి కోస్తుంది. 2010 వన్యప్రాణి చట్టం ఉచ్చులను నిషేధించినా తీగ చవక, అడవి పెద్దది. కౌలాలంపూరు నుంచి కారులో రెండు గంటల దూరంలో, 1989లో నెలకొల్పిన కువాలా గందా ఏనుగుల కేంద్రం ఉంది. పిల్లలకు ఏనుగు స్నానం చూపించడానికి మనలో చాలామంది వెళ్లివచ్చారు. ఉచ్చులో పడి కాలు పోగొట్టుకున్న సెలెండాంగ్ అనే ఆడ ఏనుగుకు అక్కడే కృత్రిమ కాలు తొడిగారు. ఫోటోల తొందరలో దానిని గమనించినవారు తక్కువ.

మనుషులకే గతి లేకపోతే ఏనుగుకు కాలేమిటని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. థెర్డ్‌చాయ్‌గారు ముందు వేలమంది పేదలకు కాళ్లు చేసి, ఆ చేతులతోనే ఏనుగుకూ చేశారన్నది ఒక జవాబు. మా అసలు జవాబు వేరే ఉంది, అది మన ఇళ్లలోనే ఉంది.

2019 ప్రభుత్వ ఆరోగ్య సర్వేలో ఈ దేశపు పెద్దల్లో 18.3 శాతానికి చక్కెర వ్యాధి తేలింది. 2023లో 15.6 శాతం. జాతులవారీగా చూస్తే భారతీయులదే ముందు వరస. పాదం మొద్దుబారి, పుండు తెలియక, చివరికి కాలు తీయించుకున్న బాబాయో పెదనాన్నో చాలా కుటుంబాల్లో ఉన్నారు. కుటుంబం డబ్బు పోసి మంచి కాలు కొంటుంది. మొదటి నెలల్లో మొండి వాపు తీసి సన్నబడుతుంది, తొడుగు వదులవుతుంది, ఒరుసుకుంటుంది. పెద్దాయన ఎవరితోనూ అనడు. కాలు మంచం కిందకి, ఆయన చక్రాల కుర్చీలోకి. కొన్నాం గదా, పని అయిపోయిందని మనం అనుకుంటాము. మోషాకు తొమ్మిది కాళ్లు మార్చారు. పెదనాన్నకు ఒక్కసారైనా తొడుగు మార్పించామా? ఏనుగు నొప్పి చెప్పలేదు గనుక చెయ్యి పెట్టి చూశారు. మన పెద్దవాళ్లు చెప్పగలిగీ చెప్పరు, మనం చెయ్యి పెట్టి చూడము.

కనుక ఇంట్లో కృత్రిమ కాలు ఉన్నవారు రోజూ రాత్రి తొడుగు తీసి మొండిని దీపం వెలుగులో చూడండి. అందనిచోట చేతి అద్దం పట్టండి. తొడుగు తీసిన పది నిమిషాలకూ ఎరుపు తగ్గకపోతే మర్నాడు కాలు తొడగవద్దు, డాక్టరుకు చూపించండి. ఇక ఆ కాలు చేసినాయన పేరు, టెలిఫోను నంబరు మందుల డబ్బా మూత మీద రాసిపెట్టుకోండి. ఆయనతో మళ్లీ పని పడుతుంది.