కంటికి కనిపించని కేశనాళికలే దేహానికి ఆధారం!

మణికట్టు మీద వేలు పెడితే కొట్టుకునేది ధమని. ముంజేతి మీద నీలంగా ఉబ్బి కనిపించేది సిర. ఆ రెంటినీ కలిపే కేశనాళికలు మాత్రం కంటికి కనిపించవు, చేతికి తెలియవు. కానీ దేహానికి అన్నం పెట్టేది అవే!

గుండె నిమిషానికి దాదాపు 5 లీటర్ల రక్తాన్ని తోస్తుంది. ఆ తాకిడిని తట్టుకునేలా ధమనుల గోడలు మందంగా, సాగే గుణంతో ఉంటాయి. సిరల్లో ఒత్తిడి తక్కువ గనుక వాటి గోడలు పలచన. కాళ్లలోని రక్తం కిందికి జారకుండా వాటిలో కవాటాలుంటాయి. మనం నడిచినప్పుడు పిక్కల కండరాలు ఆ రక్తాన్ని పైకి నెడతాయి. ధమనుల్లో మంచి రక్తం, సిరల్లో చెడు రక్తం అనుకుంటాం కానీ, గుండెకూ ఊపిరితిత్తులకూ మధ్య అది తారుమారవుతుంది. గుండె నుంచి వెళ్లేది ధమని, గుండెకు తిరిగొచ్చేది సిర అనడమే సరైనది.

కేశనాళిక గోడ మందం ఒకే ఒక్క కణం! ఎర్ర రక్తకణాలు ఒకదాని వెనుక ఒకటి బారుతీరి సాగాల్సినంత ఇరుకు. ఏ క్షణంలో చూసినా మొత్తం రక్తంలో సుమారు 5 శాతమే వాటిలో ఉంటుంది. అయినా కణాలకు ఆక్సిజన్, ఆహారం అందేది ఆ పలచని గోడ గుండానే.

అరగంటలో గుండె తోసే రక్తం దేహంలోని మొత్తం రక్తాన్ని మించిపోతుందని లెక్కగట్టిన ఇంగ్లండ్ వైద్యుడు విలియం హార్వే, అదే రక్తం మళ్లీ మళ్లీ తిరుగుతోందని 1628లో ప్రకటించాడు. ధమనుల నుంచి సిరలకు దారి ఉండి తీరాలన్నాడు కానీ, దాన్ని చూడకుండానే 1657లో కన్నుమూశాడు. 1661లో ఇటలీకి చెందిన మాల్పీగీ కప్ప ఊపిరితిత్తుల్లో, సూక్ష్మదర్శిని కింద ఆ కేశనాళికలను కళ్లారా చూశాడు. కనిపించనంత మాత్రాన లేనట్టు కాదు!

మధుమేహం ముందుగా దెబ్బతీసేవాటిలో కంటిలోని, మూత్రపిండాల్లోని ఈ సన్నని నాళాలూ ఉన్నాయి. మొదట్లో నొప్పి ఉండదు, చూపూ తగ్గదు. బాగానే ఉన్నాం కదా అని పరీక్షలు మానేసిన వారికి నష్టం తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. షుగర్ ఉన్నవారు ఏటా కళ్లు, మూత్రం పరీక్ష చేయించుకోవాలి.

పౌలు సంఘాన్ని దేహంతో పోల్చాడు. వేదిక మీది స్వరం నాడిలా అందరికీ తెలుస్తుంది. మంచం పట్టిన వారింటికి గంజి తీసుకెళ్లే తల్లి పేరు ఎవరికీ తెలియదు. కానీ ఆ చివరి ఇంటికి ప్రేమ చేరేది ఆమె చేతి మీదుగానే! ఆమె రాకపోతే ఎవరైనా వెళ్లి పలకరిస్తున్నారా?