గాలం చిన్నవాడిదైనా లెక్క లెక్కే

పిల్లవాడి చేతికి గాలం ఇచ్చేటప్పుడు ఏ దేశంలోనైనా పెద్దవాళ్ళు చెప్పే మాట ఒకటే: "ఒడ్డుమీదే ఉండు, నీళ్ళలోకి దిగకు." అమెరికాలో వాయవ్య మూలనున్న వాషింగ్టన్ రాష్ట్రంలో దానికి ఇంకొక మాట చేర్చి చెబుతారు: "లెక్క తప్పకు."

ఈ రెండో మాట మన చెవికి కొత్త. చేపలకు లెక్కేమిటి, పడ్డవాడికి పడ్డన్ని! గోదావరి కాలవల మీదా, తెలంగాణంలో చెరువు గట్ల మీదా వానపాము గుచ్చి గాలం వేసిన పిల్లలు చేపల్ని లెక్కపెట్టక పోలేదు. ఐతే ఆ లెక్క గొప్ప చెప్పుకోవటానికే. "నాకు పది పడ్డాయి, నీకు రెండే!" అని పక్కవాణ్ణి వెక్కిరించటానికే. ఇక చాలునని గాలం చుట్టేయటానికి లెక్కపెట్టిన పిల్లవాడు మన ఊళ్ళలో అరుదు.

ఇప్పుడు ఆ వాషింగ్టన్ రాష్ట్రంలో తెలుగువారు కొద్దిమంది కారు. సియాటిల్ నగరం చుట్టుపట్ల బెల్‌వ్యూ, రెడ్మండ్, సమామిష్ వంటి ఊళ్ళలో కంప్యూటరు ఉద్యోగాల మీద వెళ్ళి స్థిరపడిన వారి పిల్లలు అక్కడి సరస్సుల ఒడ్డున గాలపు కర్రలు పట్టుకుని నిలబడుతున్నారు. మనవల్ని చూడబోయిన తాతయ్యలూ, అమ్మమ్మలూ పక్కన మడత కుర్చీలు వేసుకుని కూర్చుంటున్నారు. కనుక ఆ లెక్క ఏమిటో మనమూ తెలుసుకోవటం మంచిది. మా తమ్ముడి కుటుంబం అక్కడ ఉండటంవల్ల ఒక వేసవి సెలవుల్లో దాన్ని దగ్గరనుంచి చూసే అవకాశం నాకు కలిగింది.

డబ్బు మాఫీ, కొలత కాదు

అక్కడ 15 ఏళ్ళు వచ్చిన ప్రతివారూ చేపలు పట్టాలంటే లైసెన్సు కొనుక్కోవాలి. ఏటా ఏప్రిల్ 1న మొదలై మరుసటి మార్చి 31తో దాని గడువు తీరుతుంది. 14 ఏళ్ళవారికీ, అంతకంటె చిన్నవారికీ లైసెన్సు అక్కరలేదు. నలభై దాటిన నాబోటివాడు గాలం వేయాలంటే డబ్బు కట్టాలి; ఎనిమిదేళ్ళ మా తమ్ముడి కొడుకు దర్జాగా వేసుకోవచ్చు. కొన్ని చెరువులనైతే పిల్లలకే ప్రత్యేకించి ఉంచారు. వాటిలో పెద్దవాళ్ళు గాలం వేయకూడదు.

ఇంతవరకూ విని, "ఐతే పిల్లలకు నియమాలేవీ లేవన్నమాట" అనుకుంటారేమో! చట్టం పిల్లవాడికి మాఫీ చేసింది డబ్బు మాత్రమే. కొలత మాఫీ చేయలేదు. సరస్సుల్లో ట్రౌట్ చేపలు మనిషికి రోజుకు 5 అని ఆ రాష్ట్రంలో సామాన్య నియమం. నదుల్లో, వాగుల్లో ఐతే రెండే. ఆ రెండూ కూడా 8 అంగుళాలకు తక్కువ ఉండకూడదు. కొన్ని సరస్సులకూ, నదులకూ ప్రత్యేక నియమాలు వేరే ఉంటాయి, వెళ్ళేముందు చూసుకోవాలి. ఏ నియమమైనా తండ్రికెంతో కొడుక్కీ అంతే. జూన్ నెలలో ఒక శని ఆదివారాలు ఎవరైనా లైసెన్సు లేకుండా చేపలు పట్టుకోవచ్చునంటారు. ఆ రెండు రోజుల్లోనూ లెక్క మాత్రం యథాతథమే.

ఇందులో న్యాయం లేకపోలేదు. కొక్కేనికి చిక్కిన చేపకు కర్ర పట్టినవాడి వయసుతో పనిలేదు. పసివాడు పట్టినా, పండుముసలి పట్టినా చెరువులో తగ్గేది ఒక చేపే.

ఇసుకలో పదిహేను

మే నెలలో ఒకనాటి తెల్లవారుజామున మా తమ్ముడు మమ్మల్నందరినీ పసిఫిక్ తీరాన లాంగ్ బీచ్ అనే చోటికి తీసుకువెళ్ళాడు. సముద్రం పోటు తీసి వెనక్కు తగ్గినప్పుడు, తడి ఇసుకలో దాగి ఉండే ఒకరకం గుల్లల్ని అక్కడ తవ్వి తీస్తారు. మంగలికత్తి పిడిలా బారుగా ఉంటాయి గనుక వాటిని రేజర్ క్లాములంటారు. ఎప్పుడు పడితే అప్పుడు తవ్వటానికి వీలులేదు. సముద్రపు నాచువల్ల ఒక్కొక్కప్పుడు ఈ గుల్లల్లో విషం చేరుతుంది. అధికారులు పరీక్ష చేయించి, భయం లేదని తేలాక, ఫలానా రోజుల్లో తవ్వుకోవచ్చునని ప్రకటిస్తారు.

లెక్క మనిషికి 15. అదీ ఏరుకున్న పదిహేను కాదు, మొదట దొరికిన పదిహేను. చిన్నదైనా, చిప్ప పగిలినదైనా, దొరికింది దొరికినట్టు లెక్కలో చేరవలసిందే. ఎవరివి వారే తవ్వుకోవాలి. ఎవరి గుల్లలు వారి బుట్టలోనో, సంచిలోనో విడిగా ఉండాలి. నాకు లైసెన్సు లేదు. కనుక నేను చలికి చేతులు జేబుల్లో పెట్టుకుని, చూస్తూ నిలబడ్డాను.

మా తమ్ముడు అరగంటలో తన పదిహేనూ తీశాడు. నాలుగేళ్ళ పాప చిన్న పార పట్టుకుని ఇసుకలో గీతలు గీస్తున్నది. దాని బుట్టలో ఒక్కటీ లేదు. మా మరదలు అది చూసి, "పాప పేర పదిహేను ఉన్నాయి కదా, వాళ్ళ నాన్న అవి కూడా తవ్వేస్తే సరిపోదూ?" అన్నది.

పిల్లవాడు తలెత్తకుండానే జవాబు చెప్పాడు: "అది తవ్వితేనే దానివమ్మా! నాన్న తవ్వితే నాన్నవే. నాన్నవి ఐపోయాయి."

కొంచెంసేపటికి వాడి పార తగిలి ఒక గుల్ల చిప్ప విరిగింది. వాడు అటూ ఇటూ చూసి, మెల్లిగా కాలితో ఇసుక కప్పబోయాడు. తండ్రి చూశాడు.

"అదీ లెక్కేరా!"

"పగిలిపోయింది కదా నాన్నా!"

"పగిలింది కాబట్టే. మళ్ళీ పాతిపెడితే బ్రతకదు. నీ చేతిలో పోయింది, నీ లెక్కలోకే రావాలి."

పిల్లవాడి కళ్ళు నిండుకున్నాయి. ఐనా దాన్ని తీసి బుట్టలో వేసుకున్నాడు. ఆ పూట వాడి పదిహేనులో మూడు పగిలినవే. పాప, అన్న సాయంతో చోటు కనిపెట్టి, మోచేతి దాకా ఇసుకలో చేయి దూర్చి రెండు గుల్లలు తీసింది. ఆ రెండింటినే బుట్టలో మోసుకుంటూ కారు దాకా వచ్చింది. మిగిలిన పదమూడు సముద్రంలోనే ఉన్నాయి.

పిల్లవాడి పేర మనం వాడుకునేవి ఎన్నో ఉంటాయి. రైల్లో అరటిక్కెట్టు, పెళ్ళి భోజనాల్లో అదనపు లడ్డు. అది పెద్ద తప్పుగా ఎవరికీ తోచదు. ఐతే ఆ పక్కనే నిలబడి, పిల్లవాడు కూడా మన లెక్క నేర్చుకుంటూనే ఉంటాడు. ఆ నియమం రాసినవారు ఈ సంగతి బాగా ఎరిగినవారని నాకు అనిపించింది. పిల్లకు వాటా ఇచ్చారు. ఆ వాటాను తండ్రి సంచిలో పడనివ్వలేదు.

పీత పొట్ట, చేప వీపు

కొన్ని నియమాలకు లెక్కతోపాటు ఎరుక కూడా కావాలి. సియాటిల్ దగ్గరి సముద్రపు పాయను ప్యూజెట్ సౌండ్ అంటారు. అక్కడ డంజెనెస్ అనే పెద్ద పీతలు దొరుకుతాయి. వేట అనుమతించిన రోజుల్లో మనిషికి రోజుకు 5. అన్నీ మగవే కావాలి. డిప్ప అడ్డంగా 6¼ అంగుళాలకు తగ్గకూడదు. డిప్ప గట్టిపడి ఉండాలి. ఆడదో మగదో తెలియాలంటే తిరగవేసి పొట్టకింద రేకు చూడాలి. సన్నగా ఉంటే మగది, వెడల్పుగా ఉంటే ఆడది. ఇది మన సముద్రతీరపు పల్లెల్లో పీతలు కొనే ఇల్లాలికి ఎవరూ చెప్పనక్కరలేదు. ఆడదాన్ని వదిలితే గుడ్లు పెడుతుంది. మగది ఆ కొలతకు పెరిగేసరికి ఒక్కసారైనా జత కట్టి ఉంటుంది. నియమంలోని కిటుకు ఇదే.

లైసెన్సు అక్కరలేని పిల్లవాడికి కూడా ఈ పీతలకు కార్డు ఉండాలి. పీతను ఉంచుకున్న వెంటనే కార్డులో నమోదు చేయాలి. ఇంటికి వెళ్ళి తీరిగ్గా రాసుకుందామంటే కుదరదు. సాల్మన్ చేపకూ అటువంటి కార్డే.

సాల్మన్ విషయంలో పిల్లవాడు చూడవలసింది వీపు. తోకకు కాస్త ముందు, వీపుమీద, వేలి కొనంత మెత్తని రెక్క ఒకటి ఉంటుంది. పెంపక కేంద్రాల్లో పొదిగించి వదిలే పిల్లలకు చాలావరకు ఆ రెక్కను ముందే కత్తిరించి వదులుతారు. రెక్క లేకపోతే అది మనిషి పెంచిన చేప. రెక్క ఉంటే ఏటిలో తనంత తాను పుట్టిన చేప. దాన్ని చాలాచోట్ల విడిచిపెట్టవలసిందే. నదుల్లో ఐతే, విడిచిపెట్టవలసిన సాల్మన్‌ను నీళ్ళలోనుంచి పూర్తిగా పైకి ఎత్తకూడదు కూడా. చేతుల్లో పట్టుకుని ఫోటో తీయించుకోవాలన్న సరదా అక్కడ చెల్లదు.

సమామిష్‌కు పొరుగున ఉన్న ఇసక్వా పట్నంలో 1936లో వెలసిన సాల్మన్ పెంపక కేంద్రం ఒకటి ఉంది. శరదృతువులో సముద్రంనుంచి ఏటికి ఎదురీది వచ్చే చేపల్ని చూడటానికి పిల్లాపెద్దా తరలివస్తారు. తాను పుట్టిన వాగును నీటి వాసన పట్టి వెదుక్కుంటూ వచ్చి, గుడ్లు పెట్టి, అక్కడే ప్రాణం విడుస్తుంది సాల్మన్.

తాతల అప్పు

ఈ లెక్కలు ఊరికే పుట్టలేదు. కొలంబియా నదిమీద మొదటి సాల్మన్ డబ్బాల కర్మాగారం 1866లో వెలిసింది. 1883 నాటికి ఆ ఒక్క నదిలో ఏడాదికి సుమారు 4 కోట్ల 30 లక్షల పౌన్ల చినూక్ సాల్మన్ పట్టారు. ఆ తరువాత అంత చినూక్ మళ్ళీ పడలేదు. అడవులు నరికారు, ఆనకట్టలు కట్టారు. 1942లో పూర్తయిన గ్రాండ్ కూలీ ఆనకట్టకు చేపలు ఎక్కిపోయే దారే పెట్టలేదు. 1999లో ప్యూజెట్ సౌండ్ చినూక్ సాల్మన్‌ను ప్రమాదంలో ఉన్న జాతుల పట్టీలో చేర్చవలసి వచ్చింది. ఆ నదుల్ని నమ్ముకున్న ఆదివాసులకు 1850ల నాటి ఒడంబడికల ప్రకారం పట్టదగిన చేపల్లో సగం చెందుతుందని 1974లో న్యాయస్థానం తీర్పు చెప్పవలసి వచ్చింది.

నదిని ఖాళీ చేసింది పసివాడి గాలం కాదు. ఐనా వాడు కొలబద్ద పట్టుకుని కూర్చుంటున్నాడు. తాతలు చేసిన అప్పు మనవలు తీర్చటమంటే ఇదే. ఇది అన్యాయమని అనవచ్చు. కాని తీర్చటం మానేస్తే నష్టపోయేది ఆ మనవలే.

మన పులస మాటేమిటి?

ఈ కథ మనకు మరీ పరాయిది కాదు. సముద్రంలో ఇలసగా ఉండి, వరదనీటికి గోదావరిలోకి ఎదురీది వచ్చి పులస అనిపించుకునే చేప మనకూ ఉంది. "పుస్తెలమ్మైనా పులస తినాలి" అన్న సామెతా ఉంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి డెల్టాకు అన్నం పెట్టింది. పులసకు మాత్రం అడ్డుగోడ అయింది.

మనకూ నియమాలున్నాయి. మందుగుండు పేల్చీ, నీటిలో విషం కలిపీ చేపలు పట్టటాన్ని 1897 నాటి చట్టమే నిషేధించింది. తూర్పు తీరాన ఏటా ఏప్రిల్ 15నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, చేపలు గుడ్లు పెట్టే కాలమని మర పడవల వేట ఆపుతారు. ఆ రెండు నెలలూ మత్స్యకారుల ఇళ్ళలో ఎంత ఇబ్బందో, ఆ కష్టం మీద మన కంచంలో చేప ఎలా నిలుస్తున్నదో పట్నంలో పెరిగే పిల్లలకు చెప్పేవారు తక్కువ.

చట్టాలు పెద్దల సంగతి చూస్తాయి. పిల్లవాడి గాలానికి ఇల్లే చట్టం. తెలంగాణ రాష్ట్ర చేప కొరమీను. వానాకాలంలో దాని పిల్లలు ఎర్రగా గుంపుకట్టి నీటిపైన తిరుగుతుంటే, కింద తల్లీ తండ్రీ కాపలా కాస్తుంటాయి. ఎర్రగుంపు కనిపించిన చోట గాలం వేస్తే పెద్ద చేప దొరుకుతుందని తెలిసినవాళ్ళు తెలియనివాళ్ళకు నేర్పుతుంటారు. దొరికే మాట నిజమే. కాపలా పోయిన ఆ ఎర్రగుంపును తక్కిన చేపలు తినేస్తాయన్న మాట కూడా అంతే నిజం. మొదటిది నేర్పినవారు రెండోది కూడా నేర్పవద్దా?

చేపను చంపటంలో ధర్మమేమిటని శాకాహారులైన పాఠకులు అడగవచ్చు. ఆ చర్చ పాతది, పెద్దది. తినేవారు తింటూనే ఉన్నారు గనుక, ఎంత తినాలి, ఏది వదలాలి అన్నది నేటి ప్రశ్న.

ఈసారి సెలవులకు పిల్లలు అమ్మమ్మగారి ఊరు వెళ్ళి గాలం అడిగితే కాదనకండి. ఐతే ఆ కర్రమీద ఒక పక్క అంగుళాల గుర్తులు గీసి ఇవ్వండి. "ఇవి ఎందుకు?" అని అడుగుతారు. చెప్పండి. ఆ తరువాత వాళ్ళు అడిగే ప్రశ్న మరొకటి ఉంటుంది: "ఐతే ఎంత పొడుగుంటే ఇంటికి తెచ్చుకోవచ్చు?" ఆ ప్రశ్న అడిగే పిల్లలు ఊరికి నలుగురు తయారైతే, జవాబు వెదకవలసిన పని పెద్దవాళ్ళకు తప్పదు.