రాత్రయినా దిగని బీపీ

గుండె డాక్టర్లు కొందరు రోగుల చేతికి ఒక పట్టీ చుట్టి, నడుముకు చిన్న యంత్రం తగిలించి ఇంటికి పంపిస్తారు. అరగంటకో, గంటకో ఒకసారి పట్టీ బిగుసుకుంటుంది, బీపీ నమోదవుతుంది. మర్నాడు ఆ అంకెలన్నిటినీ కలిపి గీత గీస్తే, పగలంతా గుట్టలెక్కి దిగినట్టుండే గీత మనిషి నిద్రలోకి జారుకోగానే లోయలోకి దిగుతుంది. ఆరోగ్యవంతుల్లో బీపీ పగటి కంటే రాత్రి 10 నుంచి 20 శాతం తగ్గుతుంది. గుండెకూ రక్తనాళాలకూ దొరికే తెరిపి అదే.

ఏళ్ల తరబడి నిద్ర పట్టనివారిలో ఈ లోయ పూడుకుపోతూ ఉంటుంది. కెనడాలోని మాంట్రియల్ పరిశోధకులు 2009లో ప్రచురించిన ఒక చిన్న అధ్యయనంలో బీపీ జబ్బు లేని నిద్రలేమి బాధితులను, హాయిగా నిద్రపోయేవారిని పక్కపక్కన పెట్టి చూశారు. బాధితుల్లో రాత్రి బీపీ ఎక్కువగా ఉంది, తగ్గాల్సినంతగా తగ్గలేదు. పగలు క్లినిక్‌లో చూపించుకుంటే ఈ సంగతి బయటపడదు.

పెళ్లి హడావుడిలోనో, పరీక్షల ముందో నాలుగు రాత్రులు నిద్ర చెడితే అది జబ్బు కాదు. వారానికి కనీసం మూడు రాత్రుల చొప్పున, మూడు నెలలకు పైగా నిద్ర పట్టకపోయినా, నడిరాత్రి మెలకువ వచ్చి మళ్లీ కన్ను మూతపడకపోయినా, దానివల్ల పగటి పనులు దెబ్బతింటుంటే దాన్ని దీర్ఘకాలిక నిద్రలేమి అంటారు. పెద్దవాళ్లలో దాదాపు పదిమందిలో ఒకరికి ఇది ఉంటుందని అంచనా. నైట్ డ్యూటీ నర్సుకు నిద్ర ముంచుకొస్తుంది గానీ పడుకునే వీలుండదు. నిద్రలేమి మనిషికి మంచం ఉంది, చీకటి ఉంది, తీరికా ఉంది. నిద్రే రాదు.

ఎందుకు రాదు?

ఆపద వేళ ఒంటిని సిద్ధం చేసే హార్మోన్లలో కార్టిసాల్ ఒకటి. మామూలుగా అది తెల్లవారేసరికి పెరుగుతుంది, పొద్దువాలేకొద్దీ తగ్గుతుంది, రాత్రి తొలిజాముల్లో అడుగంటుతుంది. అమెరికాలోని పెన్‌స్టేట్ పరిశోధకులు 2001లో నిద్రలేమి ఉన్నవారి రక్తాన్ని 24 గంటల పాటు పరీక్షించి చూశారు. వాళ్లలో కార్టిసాల్ ఎక్కువగా ఉంది. అందులోనూ సాయంత్రం, రాత్రి మొదటి సగంలో మరీ ఎక్కువ. అంతకు ముందు, 1995లో వచ్చిన మరో అధ్యయనంలో ఇలాంటివారి ఒళ్లు పగలూ రాత్రీ మిగతావారి కంటే ఎక్కువ ఆక్సిజన్ ఖర్చు చేస్తోందని తేలింది. స్టాండులో ఆగి ఉన్నా ఇంజిన్ ఆపని ఆటో లాంటి పరిస్థితి ఇది. అందుకే వీళ్లలో చాలామందికి పగలు ఒళ్లు పులిసిపోయినట్టుంటుంది గానీ, పడుకుంటే కునుకైనా పట్టదు.

ఆగని ఆ ఇంజిన్ భారం ముందుగా గుండె మీద పడుతుంది. నార్వేలో 54 వేల మందికి పైగా జనాన్ని సగటున 11 ఏళ్లు గమనించారు. నిద్ర పట్టకపోవడం, మధ్యలో మెలకువ రావడం, నిద్రపోయి లేచినా అలసట తీరకపోవడం అనే మూడు లక్షణాలూ ఉన్నవారిలో గుండె వైఫల్యం ముప్పు, ఏ లక్షణమూ లేనివారి కంటే నాలుగు రెట్లకు పైనే కనిపించింది. రెండూ జంటగా కనిపించినంత మాత్రాన ఒకటే రెండోదానికి కారణమని తేల్చలేం. అయితే దిగని బీపీ, తగ్గని కార్టిసాల్ ఆ దారినే చూపిస్తున్నాయి.

రోగనిరోధక శక్తికీ దెబ్బే. పిట్స్‌బర్గ్‌లో షెల్డన్ కోహెన్ బృందం 153 మంది వలంటీర్ల ముక్కులో జలుబు వైరస్ చుక్కలు వేసి, ఎవరికి జలుబు చేస్తుందో చూసింది. రాత్రి ఏడు గంటల కంటే తక్కువ నిద్రపోయేవారికి జలుబు చేసే అవకాశం, ఎనిమిది గంటలు, ఆపైన నిద్రపోయేవారి కంటే దాదాపు మూడు రెట్లు. మంచం మీద గడిపిన సమయంలో 92 శాతం కూడా నిద్రపోనివారికి, దాదాపు పూర్తిగా నిద్రలోనే గడిపినవారి కంటే అయిదు రెట్లకు పైనే. అంటే అటూ ఇటూ దొర్లడానికి కూడా మూల్యం ఉంది.

షుగర్ విషయంలో 1999 నాటి షికాగో ప్రయోగం ప్రసిద్ధం. ఆరోగ్యంగా ఉన్న 11 మంది యువకులను ఆరు రాత్రులు నాలుగేసి గంటలే నిద్రపోనిచ్చారు. ఆ తర్వాత వాళ్ల రక్తంలో గ్లూకోజ్ తగ్గే వేగం మందగించింది, సాయంత్రపు కార్టిసాల్ పెరిగింది. వాళ్లది నిద్రలేమి జబ్బు కాదు, బలవంతపు జాగారం. అయినా తక్కువ నిద్ర ఒంటిని ఎంత త్వరగా మార్చేస్తుందో అది చూపించింది.

ఇది చదివి నిద్ర పట్టనివారు మరింత బెంగపడనక్కర్లేదు. పెన్‌స్టేట్ బృందమే 2009లో 1,741 మందిని ల్యాబులో పడుకోబెట్టి నిద్రను కొలిచింది. నిద్రలేమితో పాటు నిద్ర అయిదు గంటలకు మించనివారిలో అధిక రక్తపోటు ముప్పు దాదాపు అయిదు రెట్లుంది. నిద్ర పట్టడం లేదని బాధపడుతూనే ఆరు గంటలకు పైగా నిద్రపోయినవారిలో మాత్రం చెప్పుకోదగ్గ పెరుగుదల లేదు. నిద్రలేమి ఉన్నవారిలో చాలామంది తాము నిద్రపోయిన సమయాన్ని తక్కువగా అంచనా వేసుకుంటారు కూడా.

చికిత్స విషయంలో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లో మాత్రలకంటే ముందు నిద్ర అలవాట్లనూ ఆలోచనలనూ సరిచేసే చికిత్సను సిఫార్సు చేసింది. అందులో మొదటి మెట్టే వింతగా ఉంటుంది. తొమ్మిదికే పడుకుని రెండింటి దాకా దొర్లే మనిషిని ఇక పెందలాడే మంచమెక్కవద్దంటారు. లేచే వేళ ఆరు గంటలని ఖాయం చేసి, అర్ధరాత్రి దాకా మెలకువగా ఉండమంటారు. పడుకున్నాక ఇరవై నిమిషాలైనా నిద్ర రాకపోతే లేచి వేరే గదిలోకి వెళ్లాలి, కళ్లు మూతలు పడుతుంటేనే తిరిగి రావాలి. మధ్యాహ్నం కునుకు, సాయంత్రం కాఫీ బంద్. మొదటి వారం పగలు మగతగా ఉంటుంది కాబట్టి డ్రైవర్లు, మూర్ఛ ఉన్నవారు డాక్టరు పర్యవేక్షణ లేకుండా మొదలుపెట్టకూడదు. పడక మీది సమయమంతా నిద్రతో నిండడం మొదలయ్యాక, పడుకునే వేళను పావుగంట చొప్పున ముందుకు జరుపుతూ వస్తారు.