డోపింగ్ పరీక్షకు వచ్చినవాళ్లు తలుపు తట్టి వెళ్లిపోతే తప్పెవరిది?

కంఠీరవ స్టేడియం ట్రాక్ మీద తెల్లవారుజామున పరుగెత్తే పిల్లల్లో మన తెలుగిళ్ల పిల్లలూ కనిపిస్తారు. జ్ఞానభారతిలోని సాయ్ కేంద్రానికి, బ్యాడ్మింటన్ అకాడమీలకు పిల్లల్ని తిప్పే తల్లిదండ్రులూ మనలో ఉన్నారు. పారిస్ ఒలింపిక్స్‌కు ముందు పి.వి. సింధు సాధన చేసింది కూడా మన బెంగళూరులోనే. పిల్లలు ఆ స్థాయికి చేరితే పతకాలతో పాటు ఇంటికి ఇంకో బరువు కూడా వస్తుంది. దాని గురించి మనం మాట్లాడుకునేది తక్కువ.

పోటీల రోజుల్లో చేసే పరీక్ష అందరికీ తెలిసిందే. పోటీలు లేని రోజుల్లో, చెప్పకుండా వచ్చి చేసే పరీక్ష వేరు. కొన్ని మందులు కొద్ది గంటల్లోనో రోజుల్లోనో ఒంట్లోంచి వెళ్లిపోతాయి. ముందే చెప్పి వస్తే దొరకవు. అందుకే జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ నాడా, అంతర్జాతీయ క్రీడా సమాఖ్యలు కొందరు క్రీడాకారులను 'రిజిస్టర్డ్ టెస్టింగ్ పూల్' అనే జాబితాలో పెడతాయి. అందులో ఉన్నవారు రాబోయే మూడు నెలల్లో ఏ రాత్రి ఎక్కడ పడుకుంటారో, ఎక్కడ సాధన చేస్తారో 'ఆడమ్స్' అనే ఆన్‌లైన్ వ్యవస్థలో ముందుగానే నింపాలి. రోజూ ఉదయం 5 నుంచి రాత్రి 11 లోపు ఒక గంటను ఎంచుకుని, ఆ గంటలో ఫలానా చోట తప్పకుండా ఉంటామని రాయాలి. ఆ గంటలో అక్కడ దొరకకపోతే ఒక తప్పు. వివరాలు నింపకపోయినా, తప్పుగా నింపినా అదీ తప్పే. 12 నెలల్లో ఈ రెండూ కలిపి మూడైతే, ఒంట్లో ఏ మందూ లేకపోయినా డోపింగ్ ఉల్లంఘనే. శిక్ష రెండేళ్ల నిషేధం. నిర్లక్ష్యం తక్కువని తేలితే ఏడాది వరకు తగ్గొచ్చు.

ఇక్కడే చాలామంది పొరబడతారు. ఫారం నింపే పని కోచ్‌కో, నాన్నకో, ఫెడరేషన్‌కో అప్పగించవచ్చు, నిబంధనలు ఒప్పుకుంటాయి. బాధ్యతను మాత్రం అప్పగించలేం.

మన ఊరి ఆటగాడు కె.ఎల్. రాహుల్ సంగతే చూడండి. 2020 జూన్‌లో నాడా ఐదుగురు క్రికెటర్లకు నోటీసులిచ్చింది. రాహుల్‌తో పాటు పుజారా, రవీంద్ర జడేజా, స్మృతి మంధాన, దీప్తి శర్మ అందులో ఉన్నారు. లాక్‌డౌన్ కాలంలో వాళ్ల వివరాలు ఆడమ్స్‌లో చేరలేదు. నింపాల్సింది బీసీసీఐ. పాస్‌వర్డ్ సమస్య వచ్చిందని బోర్డు వివరణ ఇచ్చింది. నోటీసు మాత్రం ఆటగాళ్ల పేరు మీదే వెళ్లింది. అంత పెద్ద బోర్డు వెనకున్నవాళ్లకే ఇలా జరిగితే, జిల్లా స్థాయి నుంచి పైకొచ్చిన అమ్మాయికి ఎవరు అండ?

బాక్సర్ పర్వీన్ హుడా విషయంలో నష్టం ఇంకా పెద్దది. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఆమె పారిస్ ఒలింపిక్స్ బెర్త్ సంపాదించింది. కానీ 2022 ఏప్రిల్ నుంచి 2023 మే లోపు తన జాడ వివరాల్లో జరిగిన తప్పులకు 2024 మేలో 22 నెలల నిషేధం పడింది. బెర్త్ పోయింది.

ఫోన్ చేయొచ్చు కదా అని ఎవరైనా అడుగుతారు. అమెరికా పరుగు వీరుడు క్రిస్టియన్ కోల్‌మన్ కూడా అదే అన్నాడు. 2019 డిసెంబరులో పరీక్షకు వచ్చినప్పుడు తను దగ్గర్లోనే షాపింగ్‌లో ఉన్నానని, ఫోన్ చేసుంటే వచ్చేవాడినని వాదించాడు. క్రీడా వివాదాల కోర్టు ఆ మాటను కొంత పట్టించుకుని రెండేళ్ల శిక్షను 18 నెలలు చేసింది. అయినా టోక్యో ఒలింపిక్స్‌కు వెళ్లలేకపోయాడు. ఫోన్ చేయడం అధికారుల విధి కాదు. చేయడమే న్యాయమని మాకనిపిస్తుంది, కానీ నిబంధన అలా లేదు.

మన ఇళ్లలో ఈ చిక్కు ఎలా వస్తుందో ఊహించడం కష్టం కాదు. శుక్రవారం రాత్రి అందరూ బస్సెక్కి సొంతూరికి పెళ్లికి వెళ్తారు. ఆడమ్స్‌లో మాత్రం శనివారం ఉదయం 6 గంటలకు బెంగళూరు ఫ్లాటే ఉంటుంది. అధికారి వస్తాడు, గేటు దగ్గర వాచ్‌మన్ 'ఊళ్లో లేరు సార్' అంటాడు. ఇంట్లోనే ఉన్నా సరే, బ్లాకు నంబరు సరిగా రాయకపోవడం వల్లో, కాలింగ్ బెల్ పనిచేయక నిద్ర లేవకపోవడం వల్లో అధికారి వెనక్కి వెళ్తే, ఆ లోటు క్రీడాకారుడి ఖాతాలోకే వస్తుంది. ఊరు మారేటప్పుడు ఆ గంట మొదలవకముందే ఫోన్‌లోనే వివరాలు మార్చుకునే వీలుంది. బస్సులో కూర్చుని చేసే పనే. అయితే ప్రతిసారీ చివరి నిమిషంలో మారిస్తే అనుమానానికి తావిచ్చినట్టు అవుతుంది, శిక్ష తగ్గే అవకాశమూ పోవచ్చు.

కంగారు పడనక్కర్లేదు, జాబితాలో చేర్చితే రాతపూర్వకంగా తెలియజేస్తారు. స్కూలు జట్టులో ఆడే ప్రతి పిల్లాడికీ ఈ గొడవ ఉండదు. ఒక తప్పు పడగానే కథ ముగిసినట్టూ కాదు. నోటీసు వచ్చాక జవాబుకు గడువిస్తారు. బస్సు టిక్కెట్టు, ఆసుపత్రి చీటీ, ఆరోజు పంపిన మెసేజీ, ఏది ఉంటే అది జతచేసి జవాబివ్వాలి. నిర్లక్ష్యం లేదని నిరూపించుకోవాల్సింది క్రీడాకారుడే కాబట్టి, ఊరుకుంటే ఆ తప్పు లెక్కలో చేరిపోతుంది. నోటీసు వెళ్లేది ఆడమ్స్‌లో ఇచ్చిన ఈమెయిల్‌కు. అది అమ్మాయి చూసుకునే ఈమెయిలా, ఎప్పుడో కోచ్ తెరిచిపెట్టినదా అన్నది ఈ రాత్రే ఒకసారి చూసుకోండి.